ఇల్లు బాగయ్యాక

ఆర్మూర్,
9 ఫిబ్రవరి 2025

వినోద వదినకు,

ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని మీరు అడుగుతూనే ఉన్నారు. ఫోన్‌లో చెప్పలేకపోయాను. మీరు ఏడుస్తారు, నేను ఊరుకుంటాను, పూజిత పక్కనే ఉండి వింటుంది. అందుకే రాస్తున్నాను.

నవంబరు పన్నెండు, మంగళవారం. శోభ మామూలుగానే లేచింది. నల్లా వస్తే నీళ్లు పట్టింది. పూజితకు రెండు జడలు వేసి బడికి పంపింది. తల నొస్తోందని నుదుటికి చున్నీ కట్టుకొని కుట్టు మిషన్ ముందు కూర్చుంది. నేను గోదాముకు పోయాను. మధ్యాహ్నం కాకముందే పక్కింటి హుస్నా ఫోన్ చేసింది. నేను వచ్చేసరికి శోభ నేల మీద ఉంది. మాట్లాడుతోంది గానీ మాటలు ఒకదానికొకటి అతకడం లేదు. ఆటోలో ఇక్కడి దవాఖానకు, అక్కడి నుంచి అంబులెన్స్‌లో నిజామాబాదుకు తీసుకెళ్లాను. దారిలో ఒక్క మాట మాత్రం స్పష్టంగా అంది. "స్టవ్ బంద్ చేసిన్నా?" చేశావన్నాను. నేను చూడలేదు. తలలో నరం చిట్లిందని డాక్టర్లు చెప్పారు. దీపాలు పెట్టే వేళకు పోయింది. మర్నాడు వంటింట్లోకి వెళ్లి చూశాను. స్టవ్ ఆపే ఉంది.

అంతే వదినా. దాచింది ఏమీ లేదు.

పోయిన నెల మీరు వచ్చినప్పుడు ఇల్లు ఎలా ఉందో నాకు తెలుసు. మీరు పూజిత బట్టలు సర్దుతుంటే నేను అడ్డు చెప్పలేదు. కానీ తను మీ దగ్గరే ఉండిపోతుందని నేను అనుకోలేదు. జూన్‌లో బడి తెరిచేలోగా తెచ్చుకోవాలి. దానికి నేనేం చేయాలో చెప్పండి. చేస్తాను.

మీ ఆడబిడ్డ కొడుకు రంజిత్ తన వ్యాన్‌లో అటు వస్తున్నాడు. ఇది వాడి చేతికి ఇస్తున్నాను.

నాగేందర్


ఇందల్వాయి,
15 ఫిబ్రవరి 2025

మరిది నాగేందర్‌కు,

నువ్వు రాస్తివి కాబట్టి నేను గూడ రాస్తున్న. ఫోన్ల మొదలువెడ్తె నా నోట తిట్లే వస్తయి.

స్టవ్ సంగతి చదివి కూసున్నకాడ్నే కూసున్న. గదే మా శోభ. పోయేటప్పుడు గూడ పొయ్యి ఫికరే.

అమ్మ పోయినప్పుడు శోభకు గీ పూజిత అంతే ఉంటది. నేనే జడలేసిన, నేనే బడికి తోలిన, నేనే పెండ్లి చేసిన. గిప్పుడు దాని బిడ్డను గసొంటి ఇంట్ల ఇడిచిపెట్టి నిద్రపొమ్మంటె నాతోని కాదు. నువ్వు చెడ్డోనివని అంటలేను. తాగవు, తిరుగవు. కాని నేను చూసింది చూసిన. మంచం మీద వారం బట్టలు, కుర్చీ మీద ఇంకో వారం బట్టలు. సింకుల గిన్నెలు, గిన్నెల నిండ చీమలు. పిల్ల తడి యూనిఫాం ఏసుకొని బడికి పోతున్నది. తలల పేన్లు. పొద్దున ఏం తిన్నవే అంటె బిస్కెట్లు అన్నది.

ఏం చెయ్యాలె అన్నవు. ఆదివారం వచ్చినంక అంత ఒక్కసారి సాఫ్ చేస్త అనుకోకు. గది మగోళ్ల లెక్క. ఆదివారం ఎన్నడు రాదు. రోజుకింత చెయ్యి. లేస్తనే పడక ఎత్తు, మొఖం గూడ కడుక్కోకముందే. పడక ఎత్తినోడు మళ్ల పండడు. అన్నం ఉడికేదాక పొయ్యికాడ నిలబడి ఫోన్ చూడకు, గా సింకుల ఉన్న రెండు గిన్నెలు కడుగు. ఒక అర్రలకెల్లి ఇంకో అర్రలకు ఉత్త చేతులతోని పోకు, ఆడ ఉండాల్సింది ఏదన్న ఇడ పడి ఉంటె పట్టుకపో. రెండు కంచాలు, రెండు గిలాసలు బయట ఉంచుకొని మిగతాయన్ని అటక మీదికి ఎక్కియ్యి. కంచాలు లేకుంటె అంట్లు ఎట్ల పడ్తయి? గా కుర్చీని ఎవలకన్న ఇచ్చెయ్యి. గది కుర్చీ కాదు, బట్టల కుప్ప.

చేసి చూపియ్యి. అప్పుడు మాట్లాడుకుందాం.

పిల్ల మంచిగున్నది. ఇక్కడి బడిల సారును అడిగి కూసోబెట్టినం.

వినోద


ఆర్మూర్,
2 మార్చి 2025

వదినకు,

మీరు చెప్పినవి మొదలుపెట్టాను. మొదటి వారం పడక ఎత్తి, మళ్లీ పరుచుకొని పడుకున్నాను. రెండో వారం నుంచి అలా జరగలేదు. అన్నం ఉడికేలోపు గిన్నెలు అయిపోతున్నాయి. అంత తొందరగా అవుతాయని తెలియదు. రెండు కంచాలే బయట ఉన్నాయి. ఒకటి నాది, ఒకటి పూజితది. తనది కూడా రోజూ కడుగుతున్నాను.

కుర్చీని హుస్నాకు ఇచ్చాను. బీడీలు చుట్టేటప్పుడు ఆమె నేల మీదే కూర్చుంటుంది కాబట్టి అది ఎందుకని అడిగింది. కుర్చీ ఏం పాపం చేసిందని ఇంట్లోంచి వెళ్లగొడుతున్నారంది. బట్టలు మోసిందని చెప్పాను. ఇప్పుడు వాళ్లింట్లో అది మేకపిల్ల ఎక్కే కుర్చీ అయింది.

ఇక్కడ పసుపు సీజన్ మొదలైంది. అంకాపూర్ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్తాలు దిగుతున్నాయి. కొమ్ములు పాలిష్ చేసే డ్రమ్ము పొద్దున తిరగడం మొదలుపెడితే ఆగడం లేదు. లెక్కలు రాసే నాకు కూడా కనురెప్పల దాకా పసుపే. అందుకని పని బట్టలు తలుపు దగ్గరే విడిచి లోపలికి వెళ్తున్నాను. ఇది మీరు చెప్పింది కాదు, నేను పెట్టుకున్నది.

ఒక సంగతి చెప్పాలి. ఇదివరకు సాయంత్రం ఇంటికి రావాలంటే కాళ్లు ముందుకు పడేవి కావు. బజారులో పని లేకపోయినా నిలబడేవాడిని. ఇప్పుడు తలుపు తీస్తే ఎదురుగా నేల కనిపిస్తోంది. లోపలికి వెళ్లగలుగుతున్నాను.

శోభ చీరలు పెట్టెలో సర్దాను. మిషన్ మీద గుడ్డ కప్పాను.

పూజితకు చెప్పండి: ఇల్లు బాగయ్యాక డాడీ వచ్చి తీసుకెళ్తాడని.

నాగేందర్


ఇందల్వాయి,
16 మార్చి 2025

మరిదికి,

చేస్తున్నవంటె సంతోషమే. మా ఆయన గూడ, పోరడు దారికి వచ్చిండు అన్నడు. కుర్చీ సంగతి చదివి నవ్విండు.

కాని చీరలు పెట్టెల పెట్టుమని నేను చెప్పలే కద. శోభ చీరలు దండెం మీద ఉన్నయి, నేను చూసిన. గవి ఇంటికి ఏం అడ్డమొచ్చినయి? మిషన్ మీద గుడ్డ ఎందుకు కప్పినవు? గంత తొందర ఏమొచ్చింది? నువ్వు ఇల్లు సర్దుతున్నవా, మా చెల్లెను సర్దుతున్నవా నాకు తెలుస్తలేదు.

గిది అడగాల్నా వద్దా అని మూడు దినాలు ఆలోచన చేసిన. అడిగిన.

పూజిత ఇక్కడ మస్తు బుద్ధిగున్నది. ఒక్కనాడు సతాయించలే. నేను లేవకముందే దాని పడక అది ఎత్తుతది. బొమ్మలు బ్యాగుల నుంచి బయటికే తియ్యది. తిన్న కంచం అదే కడుగుతది. వాడకట్టోళ్లు, ఏం పిల్లనే నీ చెల్లె బిడ్డ అంటున్నరు. నువ్వు చెప్పుమన్నది చెప్పిన, ఇల్లు మంచిగైనంక డాడీ వస్తడట అని. తలకాయ ఊపింది.

వినోద


ఆర్మూర్,
27 మార్చి 2025

వదినకు,

దండెం మీద చీరల మీద పసుపు దుమ్ము పడుతోంది. ఉతికితే శోభ వాసన పోతుంది. అందుకని పెట్టెలో పెట్టాను. మీకు కావాలంటే తీసుకెళ్లండి.

మిషన్ సూది కింద పూజిత గౌను సగం కుట్టి ఉంది. దాన్ని నేను కదపలేదు. కప్పింది దుమ్ము పడకుండా.

నేను ఎవరినీ సర్దడం లేదు.

ఒకసారి వచ్చి ఇల్లు చూడండి. లేకపోతే ఎవరినైనా పంపండి.

నాగేందర్


ఇందల్వాయి,
6 ఏప్రిల్ 2025

నాగేందర్,

మరిది అని రాయబుద్ధి కాలే.

ఎవలనన్న పంపుమన్నవు కద. రంజిత్‌ను పంపిన. నువ్వు ఇంట్ల లేవు, తాళం ఉన్నది. వాడు చిన్నపోరడు కాదు, చూసింది చూసినట్టు చెప్పిండు. గడప ఈ అంచుకెల్లి ఆ అంచుదాక పసుపు పెట్టి ఉన్నదట. గోడ పక్కకు ఆడిదాని చెప్పులు ఉన్నయట. కిటికిలకెల్లి చూస్తె ఇల్లు అద్దం లెక్క ఊడ్చి ఉన్నదట.

శోభను ఎత్తినంక గా గడపను ఈ చేతులతోనే కడిగిన. ఏడాది తిరిగేదాక పసుపు పెట్టొద్దని నీకు, హుస్నాకు ఇద్దరికి చెప్పి వచ్చిన. గడపకు పసుపు పెట్టేది ఇంటి ఆడిది. గా ఆడిది ఎవలు?

చీరలు పెట్టెలకు ఎందుకు పోయినయో గిప్పుడు సమజైంది. కావాలంటె తీస్కపొండ్రి అని ఎందుకన్నవో గూడ సమజైంది. మా శోభ పోయి ఐదు నెలలు గూడ కాలే.

పెండ్లి చేసుకో. వద్దనేటందుకు నేనెవరు? పిల్ల మాత్రం రాదు. ఇక్కడి బడిల పేరు రాపిస్తం. ఆర్మూర్ బడికెల్లి టీసీ తీసి, సంతకం పెట్టి రంజిత్ చేతికియ్యి.

శోభ అక్క, వినోద


ఆర్మూర్,
9 ఏప్రిల్ 2025

వదినకు,

ఉత్తరం చేరింది.

ఈ ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. మీరు అడిగి ఉంటే మిగతాది చెప్పేవాడిని. మీరు అడగలేదు, తీర్పు చెప్పారు. కిటికీలోంచి నా ఇల్లు చూసిన మనిషికి నేను జవాబుదారీ కాను.

టీసీ తీయను. సంతకం పెట్టను.

నాగేందర్


ఇందల్వాయి,
19 ఏప్రిల్ 2025

నాగేందర్‌కు,

చెప్ప అన్నవంటె ఉన్నట్టే. లేకుంటె లేదని గడప సంగతి ఒక్క ముక్క రాసేటోనివి.

మా ఆయన, మా ఎల్లయ్య మామ, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు మే పదో తారీకు నీ ఇంటికి వస్తరు. ఏం చెప్తవో వాళ్ల ముంగట చెప్పు.

వినోద


ఆర్మూర్,
26 ఏప్రిల్ 2025

వదినకు,

రమ్మనండి. తలుపు తీసే ఉంటుంది.

నిన్న ఫోన్‌లో పూజిత నాతో ఒక్క మాటే మాట్లాడింది. "నేను మంచిగనే ఉంటున్న డాడీ. ఏం చేస్తలే." ఏం చేయడం లేదో అడిగితే ఫోన్ పెట్టేసింది. ఇదివరకు బడిలో ఎవరు ఎవరిని గిచ్చారో కూడా చెప్పే పిల్ల.

నా గురించి తనకు ఏం చెప్తున్నారు? మీకు నా మీద కోపం ఉంటే నాకే రాయండి. పిల్ల చెవిలో వేయకండి. పదో తేదీన పెద్దమనుషుల ముందు నేను అడిగేది ఇదొక్కటే.

నాగేందర్


ఇందల్వాయి,
7 మే 2025

మరిది నాగేందర్‌కు,

గీ ఉత్తరం నెమ్మదిగ చదువు.

పిల్ల చెవిల ఏం పోస్తున్నవని నువ్వు అడిగినంక నాకు ఒళ్లు మండింది. పెద్దమనుషులు వచ్చేదాక ఆగుడెందుకని మొన్న సోమవారం నేనే ఒక్కదాన్ని బస్సెక్కి వచ్చిన. నువ్వు పనికి పోయినవు. గడప ముంగట నిలబడ్డ. రంజిత్ అబద్ధం చెప్పలే. పచ్చగనే ఉన్నది. గా అరుగు మీదనే కూసున్న.

గప్పుడు హుస్నా బిందె పట్టుకొని వచ్చింది. గోడ పక్క చెప్పులు ఆమెయే, నీళ్లు పట్టేటప్పుడు ఆడ ఇడుస్తదట. వాళ్ల నల్లాకు ధార వస్తలేదట, నువ్వే మీ నల్లాకాడ పట్టుకొమ్మన్నవట. గడప చూపిచ్చి, గీ పసుపు ఎవలు పెడ్తున్నరు అని అడిగిన. నా మొఖం చూసింది. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఎవలు పెడ్తరు అక్కా? భాయ్ గోదాంకెల్లి వచ్చి రోజు గీ గడప మీద నిలబడే బట్టలు దులుపుతడు. దుమ్ము లోపలికి పోవద్దని తడిబట్టతోని తుడుస్తడు. తుడిసినకొద్ది ఇంకింత పచ్చగైతది. నేనే అన్న, భాయ్, మీ గడప మా తాన పసుపు పూసిన పెండ్లిపిల్ల లెక్క తయారైంది అని."

నేను కొంగు తడిపి రుద్దిన. పోలే. నా కొంగుకే అంటింది. హుస్నా తాళంచెయ్యి తెస్తనన్నది, వద్దన్న. లోపలికి పోయి చూసే మొఖం నాకు లేకుండె. నువ్వు ఒక్క ముక్క రాస్తె అయిపోవు గద నాగేందర్. నేను గూడ ఒక్కమాట అడిగితె అయిపోవు.

గిది కాదు నేను చెప్పాల్సింది. అసలుది గిప్పుడు చెప్త.

ఇంటికి వచ్చి పిల్లను దగ్గరికి తీసుకున్న. మీ డాడీ ఇల్లు మస్తు మంచిగ పెట్టిండే, జూన్‌ల పోదువు అన్న. ఎగురుతదనుకున్న. మొఖం చిన్నగైంది. అన్నం తినేటప్పుడు చెయ్యి తాకి పెరుగు గిన్నె ఒలికింది. దిగ్గున లేచి ఏసుకున్న గౌనుతోనే నేల తుడుస్తున్నది. నేను వద్దే, వద్దే అంటున్న, ఇంటలేదు. చెయ్యి పట్టుకుంటె గప్పుడు అన్నది.

"పెద్దమ్మా, డాడీకి రాయకు. ఇంకోసారి చెయ్య. ఆడ ఇల్లు నేను ఖరాబ్ చేసిన్నని కద నన్ను ఇడ పెట్టిండ్రు. నేను వచ్చినంక ఇల్లు మంచిగైందట. మళ్ల పోతె మళ్ల ఖరాబైతది. నేను ఈడ్నే ఉంట."

నాగేందర్, గిన్ని దినాలు దాన్ని బుద్ధిమంతురాలు అని వాడకట్టంత చెప్పుకున్న. పడక ఎత్తుడు, బొమ్మ తియ్యకపోవుడు, చాప అంచుకు ముడుచుకొని పండుడు. గది బుద్ధి కాదు, భయం. నువ్వు ఫోన్‌ల విన్నది గూడ గదే. నేనేం నూరిపొయ్యలే. నువ్వు చెప్పుమన్నది చెప్పిన, అంతే. గా చిన్న పానం దాన్ని గిట్ల అర్థం చేసుకున్నది. నేను దాని ముంగట్నే మీ ఇంట్ల బట్టలెత్తుకుంట, గీ ఇంట్ల పిల్ల ఉంటదా అని అరిచిన. గది గూడ కలిసింది.

మీ మమ్మీ ఉన్నప్పుడు గూడ ఇల్లు గట్లనే ఉండె బిడ్డా, నీతోని కాదు అని చెప్పిన. మా ఆయన చెప్పిండు. తల ఊపుతది. ఊపి, పోయి కంచం కడుగుతది.

టీసీ మాట మరిచిపో. పిల్ల నీది. ఇస్త. కాని గీ భయంతోని వచ్చి ఆడ గూడ మూలకు కూసుంటె ఏం చేస్తవు? ఇల్లు ఎట్ల పెట్టాల్నో నేను చెప్పిన, నువ్వు చేసినవు. గిది నాకు తెల్వది. నువ్వే చెప్పు.

వినోద


ఆర్మూర్,
8 మే 2025

వదినా,

రంజిత్ ఉత్తరం ఇచ్చి బజారుకు వెళ్లాడు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఇది మీకు తెచ్చి ఇస్తాడు. నా ముఖం చూడలేక తల వంచుకొని నిలబడ్డాడు. వాడిని ఏమీ అనకండి. నేనూ అనలేదు. పచ్చగా ఉన్నదాన్ని పచ్చగా ఉందని చెప్పాడు.

ఇల్లు బాగయ్యాక తీసుకెళ్తానని చెప్పమన్నది నేను. ఏడేళ్ల పిల్ల దాన్ని ఎటు నుంచి వింటుందో ఆలోచించలేదు. మీరూ ఆలోచించలేదు. ఈ మూడు నెలలూ మనిద్దరం ఇంటి గురించే రాసుకున్నాం. తను ఏం తింటోంది, ఎలా నిద్రపోతోంది అని నేను ఒక్కసారి కూడా అడగలేదని ఇప్పుడు నా ఉత్తరాలు తలచుకుంటే తెలుస్తోంది.

ఇల్లు నిజంగానే బాగుంది. పొద్దున లేస్తే ఏది ఎక్కడుందో తెలుసు. మీరు పడక ఎత్తమని రాయకపోతే నేను దాని మీదే ఉండిపోయేవాడిని. ఆ అలవాట్లు మానను. కానీ రేపు తలుపు తీసి ఆ నేల చూపిస్తే, తను అనుకున్నదే నిజమైనట్టు ఉంటుంది. తను లేకపోతేనే ఇల్లు మెరుస్తుందని. నోటితో కాదంటే నమ్మదు. మీరు చెప్పి చూశారు.

శోభ బతికున్నన్ని రోజులు ఈ నేల మీద గుడ్డముక్కలు లేని రోజు లేదు. పూజిత వాటి మధ్యే పాకింది, వాటి మధ్యే నిద్రపోయింది. అంట్లు మధ్యాహ్నం దాకా ఉండేవి. శోభ ఎన్నడూ దాని గురించి ఎవరినీ ఏమీ అనలేదు.

పెద్దమనుషులకు రావద్దని చెప్పండి. మీరు మాత్రం మాతో రండి. సెలవులు అయ్యేదాకా ఉండండి. ఇల్లు చూడటానికి కాదు. చాప అంచున పడుకునే పిల్లను నడుముకు ఆనించుకొని పడుకోబెట్టడం మీకు తెలుసు. శోభను అలాగే పెంచారు. నాకు ఇంకా రాదు.

బస్సులో తనకు ఏమీ చెప్పను. చూస్తుంది.

రేపు పొద్దున పడక ఎత్తను. దుప్పటి ఎలా ఉంటే అలాగే మంచం మీద వదిలేస్తాను. చాయ్ కాచిన గిన్నె పొయ్యి మీద, తాగిన గిలాస నేల మీద, తువ్వాలు తలుపు మీద ఉంచుతాను. అలాగే తాళం వేసి, పెర్కిట్ బస్టాప్‌లో మొదటి బస్సు ఎక్కి మీ దగ్గరికి వస్తాను. ఆ ఇంటికే తనను తీసుకొస్తాను.

నాగేందర్